బిల్లుల షీటును డేటాబేస్‌లోకి మార్చడం: ముందు ఐటమ్ కాలమ్‌ల సంగతి చూడండి

మీ ఎక్సెల్ షీటులో ఒక్కో బిల్లుకు ఒక వరుస, అందులోనే ఐటమ్1 నుంచి ఐటమ్10 దాకా కాలమ్‌లు. ఆ షీటునే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి ఎక్కిస్తే సరుకు వారీ రిపోర్టు రావట్లేదని మీరు అడిగారు. రాదండీ, కందిపప్పు ఎంత అమ్మారో తెలియాలంటే పది కాలమ్‌లూ వెతకాలి మరి.

కస్టమర్లు, సరుకులు, బిల్లులు, బిల్లు వరుసలు అని నాలుగు టేబుళ్లు చేయండి. బిల్లులో ఎన్ని సరుకులుంటే బిల్లు వరుసల టేబుల్లో అన్ని వరుసలు. అమ్మిన రోజు రేటు కూడా అక్కడే ఉండాలి. సరుకుల టేబుల్లోంచి తెచ్చుకుంటే, రేపు ధర మార్చగానే పాత బిల్లులన్నీ మారిపోతాయి. డబ్బు కాలమ్‌లకు ఫ్లోట్ (సుమారు విలువ దాచే సంఖ్యల రకం) వద్దు, పైసలతో సహా కచ్చితంగా దాచే డెసిమల్ వాడండి.

నేరుగా ఈ టేబుళ్లలోకి ఎక్కించకండి. అన్నీ టెక్స్ట్ కాలమ్‌లే ఉన్న తాత్కాలిక టేబుల్లో వేసి, అక్కడ శుభ్రం చేయండి. అసలు తలనొప్పి ఇక్కడే. 'శ్రీ లక్ష్మీ ట్రేడర్స్', 'శ్రీలక్ష్మి ట్రేడర్స్' ఒకరేనా? జీఎస్‌టీ నంబరు చూసి తేల్చండి. పప్పుల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్‌టీ కోసం సరుకు రకానికి వాడే నంబరు) 0713ను ఎక్సెల్ 713 చేసేసి ఉంటుంది, అదీ సరిచేయండి.

చివర్లో నెలవారీ మొత్తాలు పాత షీటుతో పోల్చండి. తేడా వస్తే ముందుగా తేదీలు చూడండి, తేదీలో రోజు, నెల అంకెలు తారుమారై ఉండొచ్చు.