జెట్ బోటు ముక్కు ఎగిరిపడుతుంటే

ప్రశ్న: నాగార్జునసాగర్ జలాశయంలో మా జెట్ బోటు వేగం అందుకోగానే ముక్కు పైకీ కిందికీ ఊగుతోంది. రైడ్ ప్లేటు సరిచేస్తే తగ్గుతుందా? – పాఠకుడు, నల్లగొండ

జవాబు: తగ్గుతుంది, అయితే ముందుగా వెనుకనున్న బరువును కొంత ముందుకు జరిపి చూడండి. నీటిని వెనక్కి చిమ్మి బోటును నడిపే పంపు కింద ఉండే పలకే రైడ్ ప్లేటు. దాని వెనుక అంచును బోటు అడుగు మట్టం కన్నా కొద్దిగా దించితే, నీటి ఒత్తిడి వెనుక భాగాన్ని పైకి లేపి ముక్కును అణచి ఉంచుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. ఎక్కువగా దించితే వేగం తగ్గడమే కాక, ముక్కు నీటిని కోస్తూ మలుపులో బోటును ఉన్నట్టుండి పక్కకు లాగుతుంది. ఊగడం కంటే ఇది ప్రమాదకరం. అడుగున ఇనుప స్కేలు ఆనించి, సందు చూసుకుంటూ, 1 మిల్లీమీటరు చొప్పున మార్చి, ప్రతిసారీ అంతే ఇంధనంతో, అంతే మందితో నడిపి చూడండి. నాజిల్ ట్రిమ్ (నీటిని చిమ్మే మూతిని పైకీ కిందికీ వంచే ఏర్పాటు) ఉంటే, గాలికి అలలు లేచినప్పుడు నాజిల్‌ను దించి, నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు కొద్దిగా ఎత్తండి.