ఇళ్లకూ శిశుసంరక్షణకూ ప్రభుత్వ నిధులు: అమెరికాలో ఈ చదువుకు ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాదులో ఎం.ఏ. ఎకనామిక్స్ పూర్తి చేసింది. అమెరికాలో రెండు విశ్వవిద్యాలయాల్లో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ కోర్సుకు సీటు వచ్చింది. ఉద్యోగస్తులకు అందుబాటు అద్దెల్లో ఇళ్లు కట్టించడానికీ, పసిపిల్లల సంరక్షణ కేంద్రాలు నడిపించడానికీ ప్రభుత్వ సొమ్ము ఎలా సమకూర్చాలా అని అక్కడి రాష్ట్రాల చట్టసభలు తర్జనభర్జన పడుతున్నాయట. తాను ఆ అంశంలోనే స్పెషలైజేషన్ చేస్తానంటోంది. బంధువులందరూ డేటా సైన్స్‌లో చేర్చమంటున్నారు. బ్యాంకు అప్పు తీసుకుని పంపాలి. ఇది నిజంగా ఉద్యోగం వచ్చే చదువేనా? (ఒక తండ్రి, ఖమ్మం)

సమాధానం: నమస్కారం. మీ అమ్మాయి చెబుతున్న రంగం ఉన్నదే, ఆ పని చేసి జీతం తీసుకునేవారు అమెరికాలోని ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నారు. కాకపోతే దాని పేరులో ‘పాలసీ’ ఉన్నా పనిలో సింహభాగం లెక్కలే. ఆ లెక్కల మీద మీ అమ్మాయికి నిజమైన ఇష్టం ఉంటే ఈ చదువు అక్కరకొస్తుంది. ఇళ్లు లేనివారి మీద, చంటిబిడ్డల తల్లుల మీద సానుభూతి మాత్రమే ఉంటే చివరికి మీకు అప్పు మిగులుతుంది. వీసా సంగతి వేరు, అది డిగ్రీ కన్నా పెద్ద అడ్డంకి కాబట్టి దాని గురించి విడిగా చెబుతాను.

అక్కడ ఏం జరుగుతున్నదో ముందు ఒక రాష్ట్రాన్ని తీసుకుని చూద్దాం. వెర్మాంట్ సుమారు ఆరున్నర లక్షల జనాభా ఉన్న చిన్న రాష్ట్రం. నర్సులు, బడి పంతుళ్లు, బస్సు డ్రైవర్లు దొరకడం లేదనీ, దొరికినవారికి అద్దె ఇల్లు దొరకడం లేదనీ, ఇల్లు దొరికినవారికి పిల్లలను పగటిపూట వదిలే చోటు దొరకడం లేదనీ అక్కడి యాజమాన్యాలు చాలాకాలంగా మొత్తుకుంటున్నాయి. 2023లో చట్టసభ 76వ చట్టం ద్వారా జీతాల మీద 0.44 శాతం పన్ను వేసి ఆ డబ్బును శిశుసంరక్షణకు కేటాయించింది. కొత్త పన్ను వద్దంటూ గవర్నర్ ఫిల్ స్కాట్ వీటో చేస్తే, సభ్యులు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆ వీటోను తోసిపుచ్చారు. 2024 జూలై 1 నుంచి ఆ పన్ను వసూలవుతోంది. యజమాని తలచుకుంటే అందులో నాలుగో వంతు వరకు, అంటే జీతంలో 0.11 శాతం, ఉద్యోగి నుంచి మినహాయించుకోవచ్చు. అదే గవర్నర్ 2025లో ఇళ్లకు సంబంధించిన మరో బిల్లు మీద మాత్రం సంతకం చేశారు. కొత్త ఇళ్లు రావాలంటే ముందు రోడ్డు, నీటి గొట్టం, మురుగు కాలువ కావాలి కనుక, పట్టణాలు అప్పు తెచ్చి వాటిని వేసుకుని, ఆ ఇళ్ల వల్ల తర్వాత పెరిగే ఆస్తిపన్నుతో అప్పు తీర్చుకునే వెసులుబాటు ఆ చట్టంలో ఉంది.

ఒకే మనిషి ఒకదాన్ని కాదని, మరొకదానికి సరేనన్నారు. రాజకీయాలను పక్కన పెట్టి చూస్తే, ఈ రంగం మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి పనికొచ్చే తేడా ఇక్కడే ఉంది. ఇల్లు ఒకసారి కట్టేది. ముప్ఫై ఏళ్లు అద్దె తెస్తుంది కాబట్టి దాన్ని చూపి అప్పు తేవచ్చు, బాండ్లు అమ్మవచ్చు. శిశుసంరక్షణలో ఖర్చంతా ప్రతి నెలా ఇవ్వాల్సిన జీతాలే. భవనం కోసమైతే బాండు అమ్మవచ్చు గానీ, ఆయమ్మకు వచ్చే నెల జీతం బాండు అమ్మి ఇవ్వలేరు. దానికి ఏటా ఆగకుండా వచ్చే రాబడి కావాలి. అందుకే మసాచుసెట్స్ 2024లో ఇళ్ల కోసం సుమారు 516 కోట్ల డాలర్ల మేర అప్పుకు, ఖర్చుకు అనుమతిస్తూ చట్టం చేయగలిగింది; న్యూ మెక్సికో మాత్రం శిశుసంరక్షణ కోసం 2022 నవంబరులో ప్రజల ఓటుతో ఆ రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించి, చమురు, గ్యాస్ ఆదాయంతో పెరిగిన శాశ్వత నిధి నుంచి ఏటా అదనంగా సొమ్ము తీసుకునే ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. 2025 నవంబరు 1 నుంచి అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా అందరికీ ఉచిత శిశుసంరక్షణ ప్రకటించగలగడానికి వెనుక ఆ రాబడి ఉంది. మిషిగన్‌ది మరో దారి: 2021లో మొదలైన ట్రై షేర్ పథకంలో ఖర్చును ఉద్యోగి, యజమాని, రాష్ట్ర ప్రభుత్వం మూడు వాటాలుగా పంచుకుంటారు. మోంటానా 2025లో ఇళ్లకూ చిన్నపిల్లల సంరక్షణకూ రెంటికీ ఖాతాలున్న ఒక ట్రస్టు నిధిని చట్టం ద్వారా ఏర్పాటు చేసింది. రెండు సమస్యలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చిన ఆ ప్రయత్నం ఎలా నడుస్తుందో మీ అమ్మాయి తప్పకుండా గమనించాలి.

ఇక లెక్క దగ్గరికి వస్తాను. ఈ అంకెలు నేను ఉదాహరణకు అనుకున్నవి, పద్ధతి మాత్రం అక్కడి ఆఫీసుల్లో రోజూ వాడేదే. ఒక ఉపాధ్యాయురాలి కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 డాలర్లు అనుకుందాం. ఆదాయంలో 30 శాతానికి మించి ఇంటికి ఖర్చు కాకూడదన్నది అక్కడి కొలత, అంటే నెలకు 1,800. కరెంటు, హీటింగ్ కింద 200 తీసేస్తే అద్దె 1,600. మరమ్మతులు, బీమా, ఆస్తిపన్ను, నిర్వహణ కింద 600 పోతే మిగిలేది 1,000. మిగిలినదంతా వాయిదాకే పోతే బ్యాంకు ఒప్పుకోదు, వాయిదాకు 1.2 రెట్లు మిగులు చూపమంటుంది. కాబట్టి వాయిదాకు వాడగలిగింది 833 డాలర్లు. 6.5 శాతం వడ్డీకి ముప్ఫై ఏళ్ల అప్పైతే ఆ వాయిదా మీద పుట్టేది సుమారు 1,32,000 డాలర్లు. ఆ ఇంటి నిర్మాణానికి 3,00,000 అవుతుందంటే, 1,68,000 డాలర్లు ఎక్కడి నుంచో రావాలి. అక్కడివాళ్లు దీన్ని గ్యాప్ అంటారు, చట్టసభలో జరిగే వాదనంతా దీని చుట్టూనే. ప్రభుత్వం 3 శాతం వడ్డీకే అప్పిస్తే అదే 833 డాలర్ల వాయిదా మీద సుమారు 1,98,000 పుడుతుంది, గ్యాప్ 1,02,000కు దిగుతుంది, కానీ మాయమైపోదు. అలా కాక, ఆస్తిపన్ను మినహాయింపుతో నెలకు 150 ఆదా అయితే దిగేది 20,000 లోపే. పత్రికల్లో ‘వడ్డీ రాయితీతో ఇళ్ల సమస్యకు పరిష్కారం’ అని చదివినప్పుడు ఈ లెక్క చేసుకున్న మనిషి తొందరపడి చప్పట్లు కొట్టడు.

శిశుసంరక్షణ లెక్క ఇంతకన్నా చిన్నది, మనసుకు మాత్రం కష్టం కలిగించేది. చాలా రాష్ట్రాల్లో ఏడాదిలోపు పసికందులు నలుగురికి ఒక సంరక్షకురాలు ఉండాలన్న నిబంధన ఉంది. ఆ వృత్తిలో 2024 నాటి మధ్యస్థ వేతనం గంటకు సుమారు 15 డాలర్లు, ఏడాదికి 32,000. పన్నులు, సెలవుల కింద మరో 15 శాతం కలపండి. కేంద్రం రోజుకు పది గంటలు తెరిచి ఉంటుంది కనుక, ఎనిమిది గంటల మనిషికి పైన మరో పావు మనిషి కావాలి. మొత్తం 46,000. నలుగురితో భాగిస్తే ఒక్కో బిడ్డకు జీతాల కిందే 11,500 డాలర్లు; భవనం అద్దె, తిండి, బీమా, డైరెక్టరు జీతం ఇంకా కలపనేలేదు. తల్లిదండ్రులు ఇంతకన్నా ఇచ్చుకోలేరు, ఆమెకు ఇంతకన్నా తక్కువ ఇస్తే సూపర్‌మార్కెట్లో పనికి వెళ్లిపోతుంది. మధ్యలో ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. కోవిడ్ కాలంలో కేంద్ర ప్రభుత్వం శిశుసంరక్షణ కేంద్రాలను నిలబెట్టడానికి ఇచ్చిన 2,400 కోట్ల డాలర్ల సహాయం 2023 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆ భారం రాష్ట్రాల మీద పడటంతో చట్టసభల్లో ఈ చర్చ ఇంత వేడెక్కింది.

ఇళ్ల విషయంలో ఇంకో సంగతి ఉంది. 1986 నుంచి ఉన్న కేంద్ర పన్ను రాయితీ పథకం, అంటే లో ఇన్‌కమ్ హౌసింగ్ టాక్స్ క్రెడిట్, ముఖ్యంగా ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 60 శాతం లోపు ఉన్నవారికి ఉద్దేశించినది. మన ఉపాధ్యాయురాలు, నర్సు, పోలీసు కానిస్టేబుల్ చాలాచోట్ల ఆ గీతకు కాస్త పైన ఉంటారు. వారికి రాయితీ అందదు, మార్కెట్ అద్దె భరించలేరు. వర్క్‌ఫోర్స్ హౌసింగ్ పేరిట రాష్ట్రాలు సొంత డబ్బు పెట్టాలా వద్దా అని తేల్చుకుంటున్నది ఈ మధ్యవారి కోసం. ‘పేదలను వదిలేసి జీతగాళ్లకా’ అనే అభ్యంతరం ప్రతి సభలోనూ వస్తుంది, అది కొట్టిపారేయదగినది కాదు.

ఇప్పుడు ఉద్యోగాలు. దాదాపు ప్రతి రాష్ట్రానికీ ఒక హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ, అంటే ఇళ్లకు అప్పు సమకూర్చే సంస్థ, ఉంది. వెర్మాంట్‌లోనిది 1974లో ఏర్పడింది. పైన చేసిన లెక్కను వంద ఇళ్ల ప్రాజెక్టుకు చేసి, అప్పు ఇవ్వవచ్చో లేదో తేల్చే అండర్‌రైటర్లు అక్కడ ఉంటారు. చట్టసభలకు సొంత ఆర్థిక విభాగాలుంటాయి: కాలిఫోర్నియాలో 1941 నుంచి ఉన్న లెజిస్లేటివ్ ఎనలిస్ట్ ఆఫీసు, వెర్మాంట్‌లో జాయింట్ ఫిస్కల్ ఆఫీసు. ఒక బిల్లు వల్ల ఖజానాకు ఎంత ఖర్చో, ఎంత రాబడో కొద్ది పేజీల్లో రాసే ఫిస్కల్ నోట్ తయారుచేయడం వాటి పని. పురపాలికలకు బాండ్ల విషయంలో సలహా ఇచ్చే సంస్థలున్నాయి. అక్కడ పనిచేయడానికి సిరీస్ 50 అనే పరీక్ష పాసవ్వాలి. బ్యాంకులు వెళ్లని పేటలకు అప్పులిచ్చే కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ఫైనాన్షియల్ ఇన్‌స్టిట్యూషన్లు మరో చోటు. శిశుసంరక్షణ వైపు అవకాశాలు తక్కువ, కానీ కేంద్ర చట్టం ప్రకారం రాష్ట్రాలు మూడేళ్లకోసారి మార్కెట్ ధరల సర్వేగానీ అసలు ఖర్చు ఎంతో కట్టే నమూనాగానీ సిద్ధం చేయాలి గనుక, ఆ నమూనాలు తయారుచేసే కన్సల్టెన్సీలకు ఎకనామిక్స్ వచ్చినవారి అవసరం ఉంటుంది.

వీసా విషయం నిర్మొహమాటంగా చెప్పాలి. పైన చెప్పిన వాటిలో రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలు విదేశీ విద్యార్థికి హెచ్-1బి స్పాన్సర్ చేయడం అరుదు. విశ్వవిద్యాలయాలకూ, వాటికి అనుబంధమైన పరిశోధన సంస్థలకూ ఉన్న కోటా మినహాయింపు మామూలు ప్రభుత్వ శాఖలకు ఉండదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది గానీ, ఎక్కువ జీతాల ఉద్యోగాలకు హెచ్-1బి లాటరీలో ఎక్కువ అవకాశమిచ్చే నిబంధన కూడా అదే ఏడాది తెచ్చారు. లాభాపేక్ష లేని సంస్థల్లో జీతాలు తక్కువ కాబట్టి ఆ పద్ధతి మీ అమ్మాయికి అనుకూలం కాదు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది కోర్సు కోడ్, అంటే ఆ చదువు ఏ కోవకు చెందుతుందో చెప్పే అధికారిక సంఖ్య. సాధారణ పబ్లిక్ పాలసీ డిగ్రీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు, దానితో చదువు తర్వాత పని చేయడానికి దొరికేది పన్నెండు నెలలే. ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ స్టెమ్‌లో ఉంది, దానికి మరో ఇరవై నాలుగు నెలలు కలుస్తాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు పాలసీ డిగ్రీలోనే డేటా ప్రధానమైన శాఖను స్టెమ్ కోడ్‌తో నడుపుతున్నాయి. అప్పు తీరడం ఆ రెండేళ్ల మీద ఆధారపడుతుంది.

మీ బంధువుల మాటలో కొంత నిజం ఉంది. డేటా సైన్స్‌లోకే మారిపోమని నేను అనను, ఎందుకంటే అక్కడ ఇప్పటికే ఉన్న తొక్కిసలాటలో ఎం.ఏ. ఎకనామిక్స్ అమ్మాయి ఎవరి కంటా పడదు. స్టెమ్ కోడ్ ఉన్న పాలసీ కోర్సులో చేరి, పబ్లిక్ ఫైనాన్స్‌ను ప్రధానాంశంగా తీసుకోవడం మేలు. సిరక్యూస్‌లోని మాక్స్‌వెల్ స్కూలు, ఇండియానాలోని ఓనీల్ స్కూలు ఆ అంశానికి పేరున్నవి. వచ్చిన రెండు సీట్లలో దేనిలోనూ ఫీజు మినహాయింపుగానీ అసిస్టెంట్‌షిప్‌గానీ (చదువుతూ విశ్వవిద్యాలయంలోనే చేసే జీతం పని) లేకపోతే, మొత్తం అప్పు మీద పంపడాన్ని నేను సమర్థించను. ఇక్కడే ఏడాది పనిచేసి మళ్లీ దరఖాస్తు చేయడం నయం.

తిరిగి రావలసి వస్తే ఈ నైపుణ్యం వృథా పోతుందన్న భయం అక్కర్లేదు. 2018లో జీహెచ్‌ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయల బాండ్లు, అదే ఏడాది సీఆర్‌డీఏ అమరావతి కోసం 10.32 శాతానికి 2,000 కోట్ల బాండ్లు జారీ చేశాయి. ఆ రెండు వడ్డీల మధ్య తేడా ఎందుకొచ్చిందో వివరించగలిగినవారికి రేటింగ్ సంస్థల్లోనూ, ఇళ్లకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ హడ్కో లాంటి చోట్లా పని ఉంది. యాభై మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో క్రెష్, అంటే పసిపిల్లలను చూసుకునే చోటు, ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం చెప్పింది, దాని ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న మన దగ్గరా తేలలేదు.

ఈ వారంలో మీరు చేయవలసిన పని రెండు విశ్వవిద్యాలయాలకూ ఈమెయిల్ పంపడం. విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో వేసే కోర్సు కోడ్ ఏమిటి, గత రెండు బ్యాచ్‌ల విదేశీ విద్యార్థులు ఏ సంస్థల్లో చేరారు, వారిలో ఎందరికి స్పాన్సర్‌షిప్ దొరికింది అని విడివిడిగా అడగండి. ‘మా పూర్వ విద్యార్థులు వివిధ రంగాల్లో రాణిస్తున్నారు’ అన్న జవాబు వస్తే దాన్ని జవాబుగా లెక్కించకండి. ఆ లోగా మీ అమ్మాయిని వెర్మాంట్ జాయింట్ ఫిస్కల్ ఆఫీసు వెబ్‌సైటులో 76వ చట్టానికి సంబంధించిన ఫిస్కల్ నోట్ తీసి చదవమనండి, 0.44 శాతం పన్ను మీద రాబడి అంచనా ఎలా కట్టారో ఎక్సెల్‌లో తిరిగి కట్టమనండి. ఆ పనికి కూర్చుని రాత్రి భోజనం సంగతి మరిచిపోతే సీటు ఉంచుకోండి. రెండో పేజీలోనే విసుగు పుడితే, డిపాజిట్ కట్టకముందే ఆ సంగతి తెలిసినందుకు సంతోషించి, నాకు మళ్లీ రాయండి, వేరే దారులు చూద్దాం.