ఊసరవెల్లి పిల్లను తెచ్చుకుంటున్నాను. గూడు ఎలా సర్దాలి, రోజూ ఏం చేయాలి?

మూడు నెలల వెయిల్డ్ కమీలియన్ (ఊసరవెల్లుల్లో ఒక రకం) పిల్ల వచ్చే వారం ఇంటికి వస్తోంది, గూడు ఎలా సర్దాలి, రోజూ ఏమేం చేయాలి, త్వరగా మచ్చిక కావాలంటే చిట్కా ఏమైనా ఉందా అని అడిగారు. చిట్కా లేదు. ఆ ఆశ ఒక్కటి వదిలేస్తే మిగతా రెండు ప్రశ్నలకూ సగం జవాబు దొరికినట్టే.

ఊసరవెల్లి ఒంటరి జీవి. పైనుంచి చెయ్యి వస్తే దానికి అది గద్దతో సమానం. చేతి మీద కదలకుండా కూర్చుందంటే వెచ్చగా ఉందని కూర్చుంది, లేదా భయంతో బిగుసుకుపోయింది. భుజం మీద ఎక్కించుకుని షికారు తిరిగే వీడియోలు చూసి పిల్లను తెచ్చుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. చూడ్డానికి ఇంత బాగుండే జంతువు ఇంకోటి లేదు, కాబట్టి చూడ్డానికే తెచ్చుకోండి. ముట్టుకోవాలని ఉంటే కుక్కపిల్ల ఉండనే ఉంది.

నేను ఒకదాన్ని చిటికెన వేలంత ఉన్నప్పటి నుంచి పెంచాను. అప్పటి నుంచి మా బంధువుల్లో ఎవరింట్లో ఏ పురుగూ బల్లీ కనబడినా ఫోన్ నాకే వస్తుంది. మా అక్క కొడుకు చేసిన ఫోన్ మాత్రం నేను మర్చిపోలేను. "మామయ్యా, పిల్ల భలే బుద్ధిమంతురాలు, పగలంతా పడుకునే ఉంటోంది" అన్నాడు సంతోషంగా. నాకు గుండె గుభేలుమంది. ఆరోగ్యంగా ఉన్న ఊసరవెల్లి పగలు కళ్లు మూయదు. మూసిందంటే జబ్బు ముదిరిందని అర్థం.

వెళ్లి చూస్తే ఏముంది! చేపల తొట్టి లాంటి గాజు పెట్టె, అడుగున చెక్క పొట్టు, పైన ఎర్ర బల్బు, మూలన చిన్న గిన్నెలో నీళ్లు. అమ్మినవాడు "ఫుల్ సెట్" అని దీన్నంతా అంటగట్టాడట. పిల్ల ఒక ప్లాస్టిక్ కొమ్మ మీద నల్లగా ముడుచుకుని ఉంది. కళ్ల గోళాలు లోపలికి దిగిపోయాయి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం ముదురు నారింజ రంగులో ఉంది. గిన్నెలో నీళ్లు అంచు దాకా నిండుగా, పోసినవి పోసినట్టే ఉన్నాయి.

హాల్లో ఉన్న ఫైకస్ మొక్కను కుండీతో సహా దగ్గరికి లాగమన్నాను. పిల్లను పట్టుకోకుండా దాని ముందు ఒక పుల్ల పెడితే మెల్లగా పుల్ల మీదకు ఎక్కింది, అక్కడి నుంచి మొక్కలోకి పంపాం. స్ప్రే బాటిల్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, పిల్ల మీద పడకుండా పై ఆకుల మీద సన్నగా కొడుతూ నిలబడ్డాను. చాలాసేపు ఏమీ జరగలేదు. అక్క టీ పెడతానని లేచింది. అప్పుడు ఎడమ కన్ను కొద్దిగా తెరుచుకుంది. కుడి కన్ను మూసే ఉంది, ఎడమ కన్ను మాత్రం మెల్లగా తిరిగి, ముక్కు ముందున్న ఆకు కొస దగ్గర ఆగింది. అక్కడ ఒక చుక్క ఊగుతోంది. పిల్ల మెడ చాచి, నోరు తెరిచి, నాలుక కొసతో చుక్కను తాకింది. తల పైకెత్తింది. గొంతు కింద చర్మం ఒకసారి ఉబ్బి తగ్గింది. మళ్లీ ఇంకో చుక్క. ఆ తర్వాత ఆపితే ఒట్టు! నా వేళ్లు నొప్పి పుట్టి బాటిల్ వాడికి ఇచ్చాను, అయినా తాగుతూనే ఉంది.

"గిన్నెలో అన్ని నీళ్లు పెట్టానుగా మామయ్యా?"

"దాని కంటికి అవి నీళ్లు కావురా."

ఇదే నేను అందరికీ మొదట చెప్పేది. వీటి సొంత ఊరు యెమెన్, సౌదీ అరేబియా కొండవాలు చెట్లు. అక్కడ ఆకుల మీది మంచు, వాన చుక్కలే తాగునీళ్లు. మెరుస్తూ కదిలే చుక్కను గుర్తుపడతాయి, నిలవ నీటిని మామూలుగా పట్టించుకోవు. కాబట్టి పొద్దున లైట్లు వెలగకముందు ఒకసారి, రాత్రి ఆరాక ఒకసారి రెండు మూడు నిమిషాల పాటు ఆకులు తడిసేలా స్ప్రే చేయండి. మధ్యాహ్నం కాసేపు చుక్కచుక్కగా నీళ్లు వదిలే డ్రిప్పర్ పెట్టండి, లేదా ప్లాస్టిక్ గ్లాసు అడుగున సూదితో బెజ్జం పెట్టి కేజ్ పైన ఉంచినా చాలు. రెండు స్ప్రేల మధ్య ఆకులు బాగా ఆరాలి. పగలంతా తడి, పైన వేడి, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిస్తే ఊపిరితిత్తుల జబ్బు ఖాయం. గాజు పెట్టె మీద నాకున్న కోపానికి కారణం ఇదే. పెద్ద పెద్ద గాలి కంతలున్న గాజు కేజ్‌లు బాగానే ఉంటాయని వాదించేవాళ్లున్నారు, ఉండనివ్వండి. కొత్తవాళ్లకు నా ఓటు మెష్ కేజ్‌కే, అంటే చుట్టూ జాలీ ఉన్న గూటికే.

పిల్లకు 40 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 75 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కేజ్ సరిపోతుంది. ఏడాది తిరిగేలోపు ఎటూ 60, 60, 120 సెంటీమీటర్లది కావాలి కాబట్టి కొందరు మొదటే పెద్దది కొంటారు. అదీ తప్పేం కాదు, అయితే పిల్లకు పురుగులు దొరుకుతున్నాయో లేదో కనిపెట్టి చూడాలి. కేజ్‌ను నేల మీద పెట్టకండి. పిల్ల కూర్చునే కొమ్మ మీ కంటికంటే ఎత్తులో ఉండాలి. ఎత్తున ఉంటే దానికి ధైర్యం. లోపల నిజం మొక్కలు: మనీ ప్లాంట్, మందార, ఫైకస్, అంబ్రెల్లా ప్లాంట్. ఇది ఆకులు కొరికే రకం, అందుకని పురుగుల మందు కొట్టిన మొక్కను తేగానే లోపల పెట్టకండి, ఆకులన్నీ కడిగి, మట్టి మార్చండి. పుల్లలు అడ్డంగా, రకరకాల లావుల్లో కట్టండి. అడుగున పొట్టు, ఇసుక ఏమీ వద్దు. పురుగు మీదకు నాలుక విసిరినప్పుడు అవీ కడుపులోకి పోతాయి.

లైట్ల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. కేజ్ వెడల్పంతా వచ్చే పొడవాటి టీ5 (సన్న రకం) యూవీబీ ట్యూబ్ కావాలి, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని ఇచ్చేది, 5.0 లేదా 6 శాతం అని రాసి ఉండేది. మెలికలు తిరిగిన చిన్న బల్బులు నాకు నచ్చవు, వాటి వెలుగు ఒక్కచోటే పడుతుంది. యూవీబీ లేకపోతే ఒంట్లో డీ3 విటమిన్ తయారవదు, డీ3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు, పెరిగే పిల్లకు ఎముకలు మెత్తబడి కాళ్లు విల్లులా వంగుతాయి. కిటికీ పక్కన పెట్టాం, ఎండ వస్తోంది కదా అంటారు. గాజు యూవీబీని ఆపేస్తుంది. ట్యూబ్ వెలుగుతున్నంత మాత్రాన యూవీబీ వస్తున్నట్టు కాదు, కంపెనీ చెప్పినదాన్ని బట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాల్సిందే. పిల్ల ఎండ కాచుకునే కొమ్మకూ ట్యూబ్‌కూ దాదాపు 20 సెంటీమీటర్ల ఎడం ఉంచండి.

వేడికి మామూలు బల్బు చాలు. ఆ కొమ్మ దగ్గర 29 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి, మిగతా చోట 22 నుంచి 25 ఉంటే బాగుంటుంది. పెద్దవాటికి రాసిన లెక్కలు పిల్లకు పెట్టకండి, ఆ చిన్న ఒళ్లు నిమిషాల్లో వేడెక్కి ఎండిపోతుంది. బల్బును మెష్‌కు ఆనించొద్దు, పిల్లలు పైకప్పు పట్టుకుని తలకిందులుగా వేలాడి తల కాల్చుకుంటాయి. రాత్రి పన్నెండు గంటలు కటిక చీకటి. ఎర్ర బల్బు దానికి కనబడదని చెప్పే అమ్మకందారు మాట నమ్మకండి, శుభ్రంగా కనబడుతుంది. లైట్లకు టైమర్ పెట్టేసి, పిల్ల రాకముందే ఖాళీ కేజ్‌ను కొన్ని రోజులు నడిపి, థర్మామీటర్ ఏం చూపిస్తోందో చూసుకోండి. పిల్ల వచ్చాక సర్దుకుంటాంలే అంటే దానికీ నరకం, మీకూ టెన్షన్.

తిండి రోజూ పెట్టాలి, పొద్దున పెడితే మంచిది. చిన్న కీచురాళ్లు, ఎగరలేని ఫ్రూట్ ఫ్లైలు. పిల్ల రెండు కళ్ల మధ్య ఎంత దూరం ఉంటుందో అంతకంటే పెద్ద పురుగు వద్దు. పది, పదిహేను నిమిషాల్లో తిన్నంత తిననివ్వండి. సాయంత్రానికి మిగిలినవి తీసేయాలి, లేకపోతే రాత్రి నిద్రలో ఉన్న పిల్లను కీచురాళ్లే కొరుకుతాయి. ఆ పురుగులకు కూడా ముందురోజు ఆకుకూరలు, క్యారెట్ పెట్టి మేపాలి. ఆకలితో ఉన్న పురుగులో ఏముంటుంది, పెంకు తప్ప! డీ3 లేని కాల్షియం పొడి దాదాపు ప్రతిసారీ పలచగా అద్దండి, డీ3 ఉన్న మల్టీవిటమిన్ నెలకు రెండుసార్లు. అంతకు మించితే అదే విషం.

ఇంటికొచ్చిన ప్రతివాడూ "ఎర్ర గుడ్డ మీద పెట్టండి, రంగు మారుతుందేమో చూద్దాం" అంటాడు. మారదు బాబూ. నేపథ్యాన్ని చూసి అచ్చం అలాగే మారిపోతుందన్నది వట్టి మాట. చలి, వేడి, కోపం, భయం, ఎదుటి ఊసరవెల్లికి చెప్పాల్సిన కబురు, వీటిని బట్టే ఎక్కువగా మారుతుంది. చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు సూక్ష్మ స్ఫటికాలు ఉంటాయి, వాటి మధ్య దూరం మారితే రంగు మారుతుందని 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు పాంథర్ కమీలియన్లనే ఇంకో రకం ఊసరవెల్లుల మీద చూపించారు. మీ పిల్ల ఎర్ర గుడ్డ మీద నల్లబడితే అది గారడీ చూపించడం లేదు, మిమ్మల్ని తిడుతోంది.

తోడుగా రెండోది తేవాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. పక్కపక్కన కూర్చుంటే ముచ్చటగా ఉన్నాయనుకుంటాం, నిజానికి బలమైనది ఎండ కొమ్మనూ తిండినీ ఆక్రమించి రెండోదాని కడుపు మాడుస్తుంది. అద్దంలో తన నీడ కనబడినా వీటికి పడదు.

మీది ఆడో మగో చూశారా? వెనక పాదం మడమ దగ్గర చిన్న బుడిపె ఉంటే మగది, వెయిల్డ్‌లో గుడ్డులోంచి వచ్చినప్పుడే తెలిసిపోతుంది. ఆడదైతే మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, ఆరో నెల దగ్గరపడే వేళకు తడి ఇసుక నింపిన లోతైన డబ్బా ఒకటి లోపల ఉండాలి. తవ్వుకునే చోటు లేక గుడ్లు కడుపులో ఆగిపోయి చనిపోయేవి చాలా ఉంటాయి. మొదటిసారి పెంచేవాళ్లు మగదాన్నే తెచ్చుకోవాలని నా అభిప్రాయం. దీని మీద నాతో వాదించినవాళ్లెవరూ గుడ్ల కష్టం చూసినవాళ్లు కారు.

అక్క కొడుకు పిల్ల సంగతి చెప్పలేదు కదూ. మర్నాడే సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. కింది దవడ మెత్తబడుతోందని చెప్పి కాల్షియం చుక్కలు రాసిచ్చారు. గాజు పెట్టె అటక ఎక్కింది, పిల్ల బతికింది, కుడి ముందుకాలు మాత్రం కొద్దిగా వంకర. ఆ డాక్టర్ దొరకడానికి ఎన్ని ఫోన్లు చేశామో! కుక్కలూ పిల్లులూ చూసేవాళ్లు చాలామంది వీటిని ముట్టుకోరు. మీరు పిల్ల రాకముందే అలాంటి డాక్టర్ నంబర్ సంపాదించి పెట్టుకోండి.

కేజ్ సిద్ధమయ్యాక ఫొటో పెట్టండి, తప్పులుంటే చెబుతాను. ట్యూబ్‌కూ కొమ్మకూ మధ్య ఎడం, డ్రిప్పర్ చుక్క ఏ ఆకు మీద పడుతోందో కనబడేలా తీయండి. పిల్ల ఫొటో ఇప్పుడే అక్కర్లేదు, దాన్ని కొన్నాళ్లు ఫోన్‌తో వెంటపడకుండా వదిలేయండి.