చర్చి మానేసిన అన్నయ్యని క్రిస్మస్ ప్రార్థనలో కూర్చోమని అడగాలా?

మీరడిగింది ఇది కదా, అన్నయ్య కొన్నేళ్ళుగా చర్చికి రావట్లేదు, క్రిస్మస్‌కి మాత్రం ఇంటికొస్తున్నాడు, కుటుంబ ప్రార్థనలో కూర్చోమని అడగాలా ఊరుకోవాలా అని. అడగండి, తప్పేం లేదు. కానీ అంతకన్నా ముఖ్యం ఆయన కూర్చున్నాక మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమని ప్రార్థన చేస్తారన్నది. నేను చెప్పాలనుకున్నదంతా దాని గురించే.

మా తమ్ముడిది అచ్చం ఇదే కథ. సండే స్కూల్లో కంఠత వాక్యాల ప్రైజులన్నీ వాడికే వచ్చేవి, యూత్‌లో కీబోర్డ్ వాయించేవాడు, పెళ్ళయ్యాక మెల్లమెల్లగా మానేశాడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు, మమ్మల్ని ఒక్క మాట అనలేదు, ఎందుకురా అంటే "ఇప్పుడొద్దులే అక్కా" అనేవాడంతే. బంధువులు మాత్రం వాడికి, యేసు ప్రభువు చెప్పిన కథలోలాగా, తప్పిపోయిన కుమారుడు అని పేరు పెట్టేశారు. నాకు దీని మీద చాలా కోపం. ఆ కథలో చిన్నకొడుకు ఆస్తి తీసుకెళ్ళి తగలేశాడు, మావాడు అమ్మానాన్నల మందులు, కరెంటు బిల్లులు అన్నీ చూసుకుంటాడు. పైగా ఆ కథ ఉన్న లూకా 15 సరిగ్గా చదవండి, ఆ తండ్రి దూరం నుంచే చూసి పరిగెత్తుకెళ్ళి కౌగిలించుకున్నాడు గానీ ఒక్క క్లాసు పీకలేదు, కొడుకు ముందే అనుకుని తెచ్చుకున్న క్షమాపణ కూడా పూర్తిగా చెప్పనివ్వలేదు.

అసలు విషయానికొస్తా. ఒక క్రిస్మస్ ముందురోజు రాత్రి అందరం హాల్లో కూర్చున్నాం, తమ్ముడు కూడా కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, యేసు పుట్టుక కథ ఉన్న లూకా 2 చదివాం, పాట పాడాం, వాడు కూడా మెల్లగా గొంతు కలిపాడు, నాకైతే ప్రాణం లేచొచ్చింది. తర్వాత నాన్న ప్రార్థన మొదలుపెట్టాడు. దేశం అయింది, సంఘం అయింది, రోగులు అయ్యారు, ఇక చివర్లో గొంతు వణుకుతూ "ప్రభువా, ఈ గదిలోనే నీకు దూరమైపోయిన బిడ్డ ఒకడున్నాడు, వాడి హృదయ కాఠిన్యాన్ని విరగ్గొట్టు తండ్రీ" అన్నాడు. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి కానీ అందరి ధ్యాసా ఒకవైపే. కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆమెన్ ఇంకా కాలేదు, పాప గట్టిగా "నాన్న వెళ్ళిపోతున్నాడు" అంది. అమ్మ ప్రార్థన మధ్యలోనే లేచి వాడి వెనకాల వెళ్ళింది. నాన్న ఆపలేదు, ఇంకా చేస్తూనే ఉన్నాడు.

మా నాన్న చెడ్డవాడు కాదు, వాడి కోసం తెల్లవారుజామున ఒంటరిగా మోకాళ్ళేసి ఏడ్చిన మనిషి. ఆ ఏడుపు దేవుడి ముందు ఏడ్చింది. హాల్లో చేసింది మాత్రం దేవుడితో మాట్లాడినట్టు కొడుకుతో మాట్లాడటం. కళ్ళు మూసుకుని ఉన్న మనిషికి, తిరిగి జవాబు చెప్పే వీల్లేని చోట, అందరి ముందు బుద్ధి చెప్పడాన్ని నేనైతే ప్రార్థన అనను. చర్చి మానేసిన చాలామంది దేవుడి మీద కోపంతో మానరు, మన నోళ్ళకి భయపడి మానేస్తారని నా గట్టి నమ్మకం.

మరుసటి క్రిస్మస్‌కి డ్యూటీ ఉందని వాడు రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, దీని గురించి ప్రసంగాల్లో పెద్దగా వినపడదు. యోహాను 7లో యేసు ప్రభువు ఇంట్లోనే పండగ పూట ఇలాంటి మాటలు నడిచాయి. యూదుల పర్ణశాలల పండగ దగ్గరకొచ్చింది, తమ్ముళ్ళు వచ్చి యూదయకి వెళ్ళి నీ పనులు లోకానికి చూపించుకో అని ఎత్తిపొడిచారు. వాళ్ళు కూడా ఆయన్ని నమ్మలేదని అక్కడే రాసుంది. (సొంత తమ్ముళ్ళా, దగ్గర బంధువులా అని క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ వాదించుకుంటారు, అది వేరే చర్చ.) ప్రభువు ఏం చేశారు? మీరు పండక్కి వెళ్ళండి, నా సమయం ఇంకా రాలేదు అన్నారు, నమ్మండి నమ్మండి అని వాళ్ళ వెంట పడలేదు. పర్ణశాలల పండగ నుంచి ఆయన్ని సిలువ వేసిన పస్కా పండగకి మధ్య ఉన్నది ఆరు నెలలే చూడండి, అంటే దాదాపు చివరిదాకా ఇంట్లోవాళ్ళే నమ్మలేదు. తర్వాత అపొస్తలుల కార్యములు 1:14లో అదే తమ్ముళ్ళు తల్లి మరియతో కలిసి ప్రార్థనలో కూర్చుని ఉన్నారు. చనిపోయి లేచిన ప్రభువు ఆ తమ్ముళ్ళలో ఒకడైన యాకోబుకి కనిపించాడని పౌలు 1 కొరింథీయులు 15లో రాశాడు. ఆ యాకోబు యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు, క్రీ.శ. 62లో ఆయన్ని రాళ్ళతో కొట్టి చంపారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఇంట్లో ఎవరో బలవంతంగా కూర్చోబెడితే వచ్చిన విశ్వాసం కాదది.

ఇంకో రకం వాళ్ళున్నారు, పండగ పూట అందరూ కలిసిందే కష్టంగా అంటే "డిసెంబర్ 25 బైబిల్లో ఎక్కడుంది" అని మొదలుపెడతారు. లేదు బాబూ, ఎవరు కాదన్నారు. రోమ్‌లో 336 నాటికే ఆ తేదీన జరుపుకున్నారని పాత జాబితా ఉంది, ఆర్థడాక్స్ వాళ్ళలో చాలామంది జనవరి 7న చేసుకుంటారు, ఈస్టర్ అయితే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఏటా మారుతూనే ఉంటుంది. ఒకడు ఒక దినాన్ని ఎంచుకుంటాడు, ఇంకొకడు అన్నీ సమానమే అనుకుంటాడు, ఎవరి మనసులో వాళ్ళు రూఢి చేసుకోవాలని రోమా 14లో పౌలు ఎప్పుడో తేల్చేశాడు. అలాగే పండగ పూట, యేసు ఇంటికొస్తే పనుల్లో మునిగిపోయిన మార్త, ఆయన దగ్గర కూర్చుని విన్న ఆమె చెల్లెలు మరియ, వీళ్ళ మీద ప్రసంగం చెప్పి, తర్వాత వంటింట్లో ఆడవాళ్ళని వదిలేసి భోజనానికి కూర్చునే పద్ధతి కూడా పోవాలి, మరియ లాగా కూర్చునే అవకాశం వాళ్ళకీ ఇవ్వండి ముందు.

సరే, మా ఇంటి సంగతి. ఆ తర్వాతి ఈస్టర్‌కి తమ్ముడు వచ్చాడు, అమ్మ అడిగిందని. భోజనాల ముందు నాన్న గొంతు సవరించుకుంటుంటే అమ్మ "ఏవండీ, ఈసారి నేను చేస్తా" అంది. ఎప్పుడూ పైకి ప్రార్థన చేయని మనిషి. ఒక్కొక్కరి పేరూ చెప్పి ఒక్కొక్క కారణానికి స్తోత్రం చెప్పింది. తమ్ముడి పేరొచ్చినప్పుడు "నా కంటి ఆపరేషన్ అప్పుడు రాత్రంతా నా మంచం పక్కనే కూర్చున్నాడు ప్రభువా, నీకు స్తోత్రం" అంది, వాడు మారాలని గానీ తిరిగి రావాలని గానీ ఒక్క ముక్క అనలేదు. రెండు నిమిషాల్లో ఆమెన్. వాడు కదల్లేదు.

దాంతో వాడు చర్చికి వచ్చేశాడా అంటే రాలేదు, ఇప్పటికీ రావట్లేదు. పండగలకి మాత్రం ఇంటికి తప్పకుండా వస్తున్నాడు, ప్రార్థనలో కూర్చుంటున్నాడు, పోయిన క్రిస్మస్‌కి లూకా 2 వాడే చదివాడు, పాప చదవమని అడిగింది. మిగతాది దేవుడు చూసుకుంటాడు, యాకోబుని ఎలా రప్పించుకోవాలో తెలిసినాయనకి మా తమ్ముడొక లెక్కా.

కాబట్టి మీరు అన్నయ్యని విడిగా, ఫోన్లోనే, ఒక్కసారి అడగండి. ఫ్యామిలీ గ్రూప్‌లో అడగొద్దు, పొద్దున్నే వాక్యాలు ఫార్వర్డ్ చేసి ఆయన్ని ట్యాగ్ చేసే వాళ్ళెవరైనా ఉంటే ఈ నెలన్నా ఆపమనండి. ప్రార్థన ఎవరు చేస్తారో ముందే ఇంట్లో మాట్లాడుకోండి, అన్నయ్య పేరు వస్తే కృతజ్ఞతతోనే రావాలని నాన్నగారికి మీరే మెల్లగా చెప్పండి, కూతురు చెప్తే వింటారు. ఒకవేళ ఆయన కూర్చోనంటే బయటే ఉండనివ్వండి, భోజనానికి మాత్రం ముందు ఆయన్నే పిలవండి.