ఖైదీలకే శిక్షణ ఇచ్చి తోటి ఖైదీలకు ఉద్యోగ సలహాలు చెప్పించడం పనిచేస్తుందా?

పనిచేస్తుందండి, కాకపోతే శిక్షణలో దేనికి ఎక్కువ టైమ్ పెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. జైల్లో ఇలాంటి మెంటర్ బ్యాచ్‌లకు వాలంటీర్‌గా క్లాసులు చెప్పాను కాబట్టి నేను చూసింది చెప్తాను.

"అసలు ఈ పనికి ఖైదీని నమ్మొచ్చా" అన్న అనుమానం చాలామందికి వస్తుంది. బ్రిటన్‌లో సమారిటన్స్ సంస్థ 1991 నుంచి ఖైదీలకే శిక్షణ ఇచ్చి, మానసికంగా కుంగిపోయిన తోటి ఖైదీల బాధ వినే పని అప్పగిస్తోంది. సెయింట్ గైల్స్ అనే సంస్థయితే ఖైదీలకు సలహాలివ్వడంలోనే లెవెల్ 3 (అక్కడి ప్లస్ టూ స్థాయి) సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. అంటే ఇదేమీ కొత్త ప్రయోగం కాదు.

చాలామంది శిక్షణను రెజ్యూమె ఎలా రాయాలి, ఏయే కోర్సులున్నాయి అంటూ మొదలుపెడతారు. నన్నడిగితే సగానికి పైగా టైమ్ ప్రశ్నలు అడగడానికి, వినడానికి పెట్టాలి. ఎందుకంటే లోపల ఎవర్ని కదిపినా ముందు వచ్చే మాట "నాకేం రాదు". ఒక ప్రాక్టీస్ సెషన్‌లో ఒకతను అలాగే అని తల దించుకుంటే, మెంటర్ ఆ మాట వదిలేసి "పొద్దున ఎన్నింటికి లేస్తావ్?" అని అడిగాడు. వంటశాల డ్యూటీ, తెల్లారకముందే లేవాలి. స్టోర్ నుంచి సరుకు ఎవరు తూచి తెస్తారు, తక్కువ పడితే ఎవరు సర్దుతారు, కొత్తవాళ్లకు పని ఎవరు నేర్పిస్తారు అని వరసగా అడుగుతుంటే అన్నింటికీ "నేనే" అన్నాడు. మెంటర్ అవన్నీ కాగితం మీద రాసి అతని వైపు తిప్పాడు, అతను దాన్ని చాలాసేపు చదువుకున్నాడు. ఆ ప్రశ్నలు నాకు తట్టేవి కావు, ఆ వంటశాల ఎలా నడుస్తుందో నాకు తెలియదు కదా! బయటి కౌన్సెలర్ కంటే ఖైదీ మెంటర్‌కు ఉన్న బలం అదే.

తర్వాత అందరికీ టెన్షన్ పెట్టేది, ఇంటర్వ్యూలో కేసు గురించి అడిగితే ఏం చెప్పాలన్నది. ఏం జరిగిందో రెండు ముక్కల్లో, ఆ తర్వాత ఏం నేర్చుకున్నానో, ఇప్పుడు ఏ పని చేయగలనో కాస్త వివరంగా, ఇలా పైకి చెప్పించి చెప్పించి అలవాటు చేయించాలి. అయితే పాత శిక్ష గురించి ఎక్కడ చెప్పాలి, ఎక్కడ అక్కర్లేదు అన్న చట్టం మాత్రం మెంటర్ నోటికొచ్చినట్టు చెప్పకూడదు. అది దేశాన్ని బట్టి మారుతుంది, లోపల ఇంటర్నెట్ ఉండదు, ఒక్క తప్పు మాట సాయంత్రానికి బ్యారక్ అంతా పాకిపోతుంది. అందుకే తెలిసిన అధికారి సరిచూసి, తేదీ వేసిన కాగితం మెంటర్ చేతిలో ఉండాలి.

ఇంకో ముఖ్య విషయం పెత్తనం. ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా రూల్స్‌లో 40వ నియమం ఖైదీకి క్రమశిక్షణ అధికారం ఇవ్వొద్దంటుంది, పర్యవేక్షణలో చదువు లాంటి బాధ్యతలు ఇవ్వడానికి మాత్రం అడ్డు చెప్పదు. కాబట్టి కోర్సులో సీటు ఎవరికివ్వాలో మెంటర్ తేల్చకూడదు. అతని దగ్గర సిబ్బంది ఆరాలు తీయడం మొదలుపెడితే ఆ రోజుతో నమ్మకం పోతుంది. ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప చెప్పింది బయటకు పోదని, ఆ ఒక్క మినహాయింపుతో సహా, మొదటి నిమిషంలోనే చెప్పించండి.

మెంటర్ల ఎంపికలో చదువు చూడకండి, అర్జీలు రాయించుకోవడానికి జనం ఇప్పటికే ఎవరి దగ్గరకు వెళ్తున్నారో చూడండి. జైలు వర్క్‌షాప్‌లో ఇచ్చే కూలీకి తగ్గకుండా మెంటర్లకూ ఇవ్వండి, లేకపోతే మంచివాళ్లు అటే పోతారు. మెంటర్లూ విడుదలవుతారు కాబట్టి తర్వాతి బ్యాచ్ ఎప్పుడూ రెడీగా ఉండాలి. సర్టిఫికెట్ బయటి సంస్థ పేరుతో ఇప్పించండి, దాని మీద జైలు పేరు, అడ్రస్ ఎక్కడా లేకుండా చూడండి.