ఇరుక్కునే తాళంచెవి, వంటింటి కొబ్బరినూనె

ప్రశ్న: మా చిన్న కారు కొని తొమ్మిదేళ్లయింది. ఈమధ్య తాళంచెవి లోపలికి దిగుతోంది కానీ తిప్పడానికి పెనుగులాడాల్సి వస్తోంది. ఇంజన్ ఆపాక ఒక్కోసారి బయటికీ రాదు. మా వారు కొబ్బరినూనె చుక్కలు వేస్తే కొన్నాళ్లు మెత్తగా తిరిగింది. ఇప్పుడు మునుపటికన్నా మొండికేసింది. దసరా పూజ చేయించిన దగ్గరనుంచే ఇలా ఉందని, దిష్టి తగిలిందని మా అత్తగారంటారు. మెకానిక్ లాక్ సెట్ మొత్తం మార్చాలంటున్నాడు. మార్చక తప్పదా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, దిష్టి మాట పక్కన పెట్టండి కానీ, మీ అత్తగారు పూజను అనుమానించడంలో తప్పేమీ లేదు. దసరా వెళ్లిన వారంలో మా షెడ్డుకు వచ్చే బండ్లను చూడాలి. స్టీరింగ్ మధ్యలో గంధం, అద్దం కింద అక్షింతలు, ఇగ్నిషన్ లాక్ మీద పసుపూ కుంకుమా. బొట్టు పెట్టేవారు ఎక్కడైనా పెట్టవచ్చు కదా, సరిగ్గా తాళంచెవి దూరే కంత మీదే పెడతారు! మర్నాడు మీరే ఆ పొడినంతా తాళంచెవితో లోపలికి నెడతారు. ఆ పైన మీ వారు నూనె పోశారు. పసుపు, కుంకుమ, రోడ్డు దుమ్ము, కొబ్బరినూనె. లోపల తయారైనది చక్కటి ముద్ద.

ఆ ముద్ద ఏం చేస్తుందో చెబుతాను. లాక్ లోపల పలచటి ఇత్తడి రేకులు వరుసగా ఉంటాయి. ఒక్కో రేకు వెనక వెంట్రుకలాంటి స్ప్రింగు. తాళంచెవి మీది గాట్లు ఈ రేకులను తగిన ఎత్తుకు జరిపితే అన్నీ ఒక మట్టానికి వస్తాయి, అప్పుడే తాళంచెవి దూరే గొట్టం తిరుగుతుంది. ఒక్క రేకు జిడ్డుకు అంటుకుని వెనకబడినా తిరగదు. బయటికి తీసేటప్పుడూ అదే కథ. గొట్టం పూర్తిగా ‘లాక్’ స్థానానికి వచ్చి, రేకులు స్వేచ్ఛగా కదిలితేనే తాళంచెవి వదులుతుంది. నూనె వేసిన కొత్తలో జిడ్డు పలచబడి అంతా బాగున్నట్టే ఉంటుంది. తర్వాత అదే నూనె దుమ్మును పట్టి చిక్కబడుతుంది. కుట్టుమిషన్ నూనె, ఇంజన్ ఆయిల్ వేసినా ఇంతే.

లాక్ సెట్ సంగతికి వచ్చే ముందు మూడు పరీక్షలు చేయండి.

మొదటిది స్టీరింగ్. బండి ఆపి తాళంచెవి తీశాక స్టీరింగ్ కాస్త తిరిగితే లోపల ఒక కడ్డీ పడి దాన్ని బిగిస్తుంది. చక్రం గట్టుకు ఆనుకుని ఉన్నా, వాలులో ఆపినా ఆ కడ్డీ మీద ఒత్తిడి ఉండి తాళంచెవి తిరగదు. ఎడమచేత్తో స్టీరింగ్‌ను ఇటూ అటూ కదుపుతూ, కుడిచేత్తో తాళంచెవిని మెల్లగా తిప్పండి. ఏ వైపు కాస్త వదులిస్తే ఆ వైపు. కొన్ని చోట్ల ఆపినప్పుడే తప్ప మిగతా వేళ ఇబ్బంది లేదంటే మీ లాక్‌లో రోగమేమీ లేనట్టే.

రెండోది బీరువాలోని రెండో తాళంచెవి. కారుతోపాటు ఇచ్చినది, ఎప్పుడూ వాడనిది ఉంటుంది కదా, దాన్ని తెచ్చి పాతదాని పక్కన వెలుతురులో పెట్టి చూడండి. కొత్తదాని గాట్ల అంచులు కోసినట్టు పదునుగా ఉంటాయి. పాతదానివి గుండ్రంగా అరిగి మెరుస్తుంటాయి. కొత్తది సాఫీగా తిరిగితే తప్పు తాళంచెవిది. అలాంటప్పుడు అరిగినదాన్ని ఇచ్చి మారుతాళం చేయించకండి, ఆ అరుగుదల కూడా నకలవుతుంది. కొన్నప్పుడు ఇచ్చిన రేకు బిళ్ల మీద నంబరుంటే దాని ప్రకారం కోయించండి, లేదా వాడనిదాన్నే నమూనాగా ఇవ్వండి. తాళంచెవి తలలో చిప్ ఉండే కారైతే, ఉత్త ఇనుప ముక్కను కోయిస్తే లాక్ తిరుగుతుంది కానీ ఇంజన్ నడవదు. కొత్త చిప్‌ను కారుకు పరిచయం చేయించాలి.

మూడోది తెల్ల గుడ్డ. తాళంచెవిని దూర్చి తీసి గుడ్డకు తుడవండి. మీ గుడ్డ మీద పసుపు కలిసిన నల్లటి జిడ్డు కనిపిస్తుందని నా పందెం.

అదే అయితే, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేను సన్నని గొట్టంతో లోపలికి కొద్దిగా కొట్టండి. తలుపులు తెరిచి ఉంచండి, దగ్గర్లో అగరుబత్తి కూడా వద్దు. తాళంచెవిని దూర్చి, తీసి, తుడవండి. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా అదే పని. పూర్తిగా ఆరాక చిటికెడు గ్రాఫైట్ పొడి వేయండి. దొరక్కపోతే పెన్సిల్ ముల్లును తాళంచెవి గాట్ల మీద నల్లగా రుద్ది ఆడించండి, పెన్సిల్‌లో ఉండేదీ గ్రాఫైటే. అయితే గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది, లాక్ వెనకే స్విచ్ ఉంటుంది, కాబట్టి గుప్పెడు పోయకండి. పెట్రోలుతో కడిగే ఘనులు కూడా ఉన్నారు. వారి గురించి రాయడానికి ఈ పేజీ చాలదు.

ఇన్ని చేసినా రెండు తాళంచెవులూ మొరాయిస్తే మీ మెకానిక్ మాట విందాం. అప్పుడు కూడా తలుపుల తాళాలతో సహా మార్చాలా, ఇగ్నిషన్ గొట్టం ఒక్కటి సరిపోతుందా అని గట్టిగా అడగండి.

ఇంకొకటి. మీ తాళాల గుత్తి ఎంత బరువుందో చూసుకోండి. ఇంటి తాళాలు, బీరువావి, వెంకన్న బిళ్ల, సీసా మూత తీసేది, అన్నీ దానికే వేలాడతాయి. గతుకుల రోడ్డు మీద ఆ బరువంతా ఊగుతూ లాక్‌ను అరగదీస్తుంది. 2014లో అమెరికాలో జనరల్ మోటార్స్ లక్షల కార్లను వెనక్కి పిలిచింది. వాటి ఇగ్నిషన్ స్విచ్ బిగువు చాలక, గుత్తి బరువుకో కుదుపుకో తాళంచెవి దానంతటదే వెనక్కి తిరిగి, నడిచే కారులో ఇంజన్ ఆగిపోయేది, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. 124 మరణాలకు ఆ లోపం కారణమని కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధే ఒప్పుకుంది. మీ స్విచ్‌కు ఆ జబ్బు ఉందని కాదు. కారు తాళంచెవిని విడిగా ఉంచుకోమంటున్నాను, అంతే.

ప్రశ్న: మాది ఆటోమేటిక్. బండి ఆపాక తాళంచెవి రావడం లేదు. లాక్ పాడైందా?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు గేరు చూడండి. పి (పార్కింగ్) లో పూర్తిగా పడితే తప్ప చాలా ఆటోమేటిక్ కార్లు తాళంచెవిని వదలవు. బ్రేకు తొక్కి, ఒకసారి ఎన్ (న్యూట్రల్) కు తెచ్చి, మళ్లీ పి లోకి గట్టిగా నెట్టండి. అయినా రాకపోతే గేరు కడ్డీ కింద ఉండే చిన్న స్విచ్ అరిగి ఉండవచ్చు, లేదా బ్యాటరీ నీరసించి ఉండవచ్చు. కడ్డీ చుట్టూ చాయో కూల్‌డ్రింకో ఒలికిన గుర్తుందా? మెకానిక్‌కు ఆ మాట ముందే చెబితే వెతుకులాట తగ్గుతుంది.

ప్రశ్న: తాళంచెవి విరిగి సగం లోపలే ఉండిపోయింది. ఫెవిక్విక్‌తో అతికించి లాగమని స్నేహితులంటున్నారు.
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వద్దు బాబూ. ఆ జిగురు ముక్కకంటే ముందు రేకులకు పడుతుంది, తర్వాత లాక్ మొత్తం కొనాల్సిందే. చేతిలో మిగిలిన సగంతో లోపలికి పొడవకండి కూడా. ముక్క అంచు బయటికి కనబడుతుంటే సన్నని పట్టకారుతో తిన్నగా లాగండి. కనబడకపోతే తాళాలు చేసే అతన్ని బండి దగ్గరికే పిలవండి, ముక్కను లాగే సన్నని కొక్కెం అతని దగ్గర ఉంటుంది. రెండు ముక్కలూ పారేయకండి, వాటిని కలిపి పెట్టి కొత్తది కోయగలడు. తలలో చిప్ ఉంటే అది కూడా మళ్లీ పనికొస్తుంది.