అత్తయ్య గ్లాసు, కోడలి కాటా

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. అత్తయ్య, మావయ్య తెనాలి నుంచి వచ్చేసి మా దగ్గరే ఉంటున్నారు. ఏటా ఆవకాయ అత్తయ్యే పెట్టేవారు. మావయ్యకి బీపీ. అయినా రెండు పూటలా ఆవకాయ లేనిదే ఆయనకి ముద్ద దిగదు. అందుకని కిందటేడు నేనే పెడతానని పట్టుబట్టాను. కిలో ముక్కలకి కారం ఒక గ్లాసు, ఆవపిండి ఒక గ్లాసు, ఉప్పు గ్లాసుకి కాస్త వెలితి అని అత్తయ్య చెప్పారు. గ్లాసు కారం తూస్తే 120 గ్రాములు వచ్చింది. అదే లెక్క మిగతా వాటికీ వేసుకుని, ఉప్పు మాత్రం బీపీ కోసం ఇంకాస్త తగ్గించి 80 గ్రాములు కలిపాను. జులైకల్లా జాడీ పైన తెల్లగా బూజు కట్టింది. అది అత్తయ్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాడీ. ఆవిడ గుడికి వెళ్లినప్పుడు పచ్చడంతా పారేసి కడిగి పెట్టేశాను. అప్పటి నుంచి నాతో ముభావంగా ఉంటున్నారు. ఈ ఏడు పచ్చడి మాటెత్తితే "నా చెయ్యి పనికిరాలేదుగా, కొనుక్కోండి" అన్నారు. మా వారేమో "మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగొద్దు" అంటారు. పచ్చడి పెట్టడమే మానేద్దామా? అసలు ఉప్పు ఎంతవరకు తగ్గించొచ్చు?
— ఓ కోడలు

జవాబు: మానేయకండమ్మా. మీ ఇంట్లో ఇప్పుడు ఆవకాయ మానేస్తే, అత్తయ్యగారిని వంటింట్లోంచి పంపేసినట్టే అవుతుంది. ఆ పని మీకూ ఇష్టం లేదని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది.

ముందు ఆ జాడీ ఎందుకు పాడైందో చూద్దాం. మీరు బీపీ కోసం తగ్గించిన ఉప్పు వల్లే అనుకుంటున్నారు. నిజానికి దానికి ముందే, కాటా దగ్గరే లెక్క తప్పింది. గ్లాసు కారం 120 గ్రాములు తూగినంత మాత్రాన గ్లాసు ఉప్పు అంతే తూగదు. కారం, ఆవపిండి తేలిక. 120 గ్రాముల కారం పట్టిందంటే అది పావు లీటరు గ్లాసై ఉండాలి. అందులో మెత్తటి ఉప్పు పోస్తే 280 గ్రాముల పైమాటే. రాళ్లుప్పు దంచి పోసినా 250కి అటూఇటూగా ఉంటుంది. అంటే అత్తయ్యగారు "కాస్త వెలితి" అన్నది తూకంలో సుమారు 230 గ్రాములు. మీరు వేసింది 80, అందులో మూడో వంతు. ముక్కలు, పొడులు, నూనె అన్నీ కలిపితే ఆవిడ పచ్చడిలో నూటికి 12 పాళ్ల దాకా ఉప్పుంటుంది. మీ జాడీలో 5 పాళ్లే ఉంది. మామిడి పులుపు, నూనె కొంత కాపాడతాయి కానీ, ఫ్రిజ్ బయట ఏడాది నిలవుండే ఊరగాయకి ఆ 5 పాళ్లు చాలవు.

కాబట్టి ఆవిడ చెప్పిన కొలత తప్పు కాదు, మీ శ్రద్ధలోనూ లోపం లేదు. ఆవిడ గ్లాసు లెక్క చెప్పారు, మీరు దాన్ని గ్రాముల్లోకి మార్చారు. మధ్యలో ఉప్పు బరువు జారిపోయింది. ఈ మాట అత్తయ్యగారికి మీ నోటితో చెప్పండి. తన కొలత సరైనదేనని మీరు ఒప్పుకోవడం ఆవిడకి చాలా అవసరం.

ఇక పారేయడం సంగతి. బూజు పట్టినదాన్ని పారేయడం సరైన పనే. పైపొర తీసేసి కింద వాడుకుందామని ఎవరన్నా అన్నా వినకూడదు. బూజు పైకి కనిపించినంత మేరకే ఉండదు. కానీ ఆవిడకి చూపించకుండా పారేశారు చూడండి, దెబ్బ అక్కడ తగిలింది. ఊరగాయ బూజు పడితే ఇంటికి కీడని నమ్మే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో బీపీ మనిషిని పెట్టుకుని ఆవిడ ఎంత భయపడి ఉంటారో ఒక్కసారి ఆలోచించండి. పైకి అలకలా కనిపిస్తున్నదాంట్లో సగం ఆ దిగులే అయ్యుండొచ్చు. అందుకే నేరుగా అడిగేయండి: "అత్తయ్యా, మీరు బాధపడతారని చెప్పకుండా పారేశాను. మీ జాడీ, మీకు చూపించాల్సింది. ఉప్పు తూకం నేనే తప్పు లెక్కేసుకున్నాను. ఈసారి మీరు కలపండి, నేను పక్కనుండి రాసుకుంటాను." ఇందులో "కానీ బీపీ..." అని తోక తగిలించకండి. ఆ సంగతి ఇంకో రోజు మాట్లాడుకోవచ్చు.

రాసుకోవడం గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఆవిడ గ్లాసు ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి. ఖాళీ గ్లాసుని కాటా మీద పెట్టి సున్నా చేసుకోండి. ఆవిడ కారం నింపాక గిన్నెలో పోసేముందు ఒక్క క్షణం కాటా మీద పెట్టమనండి, అంకె రాసుకోండి. ఆవపిండికి, ఉప్పుకి, మెంతులకి, నూనెకి, దేనికది వేరుగా తూచాలి. ఒకదాని బరువు ఇంకోదానికి వాడొద్దు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి తలకొట్టి కొలుస్తారా, గోపురంగా పోస్తారా అన్నది కూడా రాయండి, 30, 40 గ్రాముల తేడా అక్కడే వస్తుంది. పుస్తకంలో ఎడమవైపు ఆవిడ మాట, కుడివైపు గ్రాములు. ఎందుకిదంతా అని అడిగితే ఆడపడుచుకి పంపాలనో, పిల్లలకి దాచాలనో చెప్పండి. "రేపు మీరు లేకపోతే" అన్న మాట మాత్రం పొరపాటున కూడా రానీయకండి.

పనిలో మీ వంతు తడి లేకుండా చూసుకోవడం. బూజుకి ఉప్పు తక్కువ కావడం తర్వాత పెద్ద కారణం తడే. కొత్తపల్లి కొబ్బరి అయినా, జలాలైనా, చిన్న రసాలైనా సరే, కాయ గట్టిగా, పుల్లగా, టెంక ముదిరి ఉండాలి. రైతుబజార్లో కొట్టించేచోట కాయల్ని బకెట్లో ముంచి అక్కడి గుడ్డతోనే తుడిచేస్తారు. పది గంటలకల్లా ఆ గుడ్డ పిండితే నీళ్లు కారుతుంది. మీరే రెండు పొడి తువ్వాళ్లు పట్టుకెళ్లి, కత్తి కింద పెట్టేముందు ప్రతి కాయా తుడవండి. ఇంటికొచ్చాక జీడి తీసి, టెంకకి లోపల అంటుకున్న పల్చటి కాగితంలాంటి పొరని చెంచా అంచుతో గీకేయాలి. దాని కింద చెమ్మ దాగుంటుంది. చాలామంది విసుగుపడి వదిలేసేది ఇదే. తర్వాత ముక్కల్ని పొడిగుడ్డ మీద పరిచి గంటసేపు ఫ్యాన్ కింద ఆరనివ్వండి, ఎండలో వద్దు, ముక్క వడలిపోతుంది.

రాళ్లుప్పు ఒక పూట ఎండబెట్టి దంచుకోండి. ఆవాలు కూడా ఎండబెట్టాలి, వేయించకూడదు. ఆవపిండికి తడి తగిలినప్పుడు పుట్టే ఘాటే బూజుని అడ్డుకునే వాటిలో ఒకటి, వేయిస్తే అది చచ్చిపోతుంది. మిక్సీ ఏకబిగిన తిప్పితే పొడి వేడెక్కి చేదొస్తుంది, ఆపి ఆపి తిప్పండి. కిలో ముక్కలకి నువ్వుల నూనె 400 గ్రాముల దాకా పడుతుంది. ముందు ముక్కలకి కొంచెం నూనె పట్టించి, కలిపిన పొడిలో పొర్లించి జాడీలో వేసుకుంటూ పోవడమే. ఆ కలపడం అత్తయ్యగారికి వదిలేయండి.

మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఉప్పు చూడాల్సిందీ ఆవిడే. ఆ రోజు నాలిక మీద ఉప్పు కాస్త ముందుకు తెలియాలి, ముక్క ఇంకా పీల్చుకుంటుంది. సరిపోయిందనిపిస్తే తక్కువైనట్టే. పైన నూనె ఒక వేలు మందాన తేలాలి. లేకపోతే పచ్చి నూనె ఇంకొంచెం పోసి వాసెన కట్టండి. రోజువారీ వాడకానికి వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి. పెద్ద జాడీ మాటిమాటికీ తెరిచారంటే ఏదో ఒక రోజు తడి గరిటె పడుతుంది.

"ఉప్పు ఎంతవరకు తగ్గించొచ్చు" అన్నారు. నిలవ జాడీలో తగ్గించకండి. ఆవిడ 230కి మీరు 200 గ్రాములు అన్నారనుకోండి, మావయ్యగారికి ముక్క మీద మిగిలేది ఏమంత ఉండదు, జాడీకి మాత్రం ప్రమాదం. కంచం దగ్గర లెక్క చూడండి. పిండితో కలిపి ఒక పెద్ద చెంచా ఆవకాయ 16 గ్రాములనుకుంటే అందులో ఉప్పు దగ్గరదగ్గర 2 గ్రాములు. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు పూటలా ఆవకాయ తింటే 4 గ్రాములు అక్కడే అయిపోతాయి. పప్పు, కూర, చారు, మజ్జిగ అన్నీ దాని పైన. మావయ్యగారికి డాక్టరు ఇంతకన్నా తక్కువ చెప్పి ఉంటే అదే పాటించాలి.

కాబట్టి ఒక్క పూటకి, మధ్యాహ్నానికి మార్చండి. ఆ పూట ముద్దపప్పులో ఉప్పు అస్సలు వేయకండి. ఆవకాయ కలుపుకునే పప్పన్నంలో ఆ లోటు తెలియనే తెలియదు. ఉప్పంతా ఎక్కువగా పిండిలోనే ఉంటుంది కాబట్టి, ఒక ముక్క పెట్టి పిండి చిన్న చెంచాడే వేయండి. అప్పడాలు, వడియాలు, ఊర మిరపకాయలు ఆ రోజుకి వద్దు. రాత్రికి పావుకిలో ముక్కలతో అప్పటికప్పుడు పచ్చడి కలపొచ్చు: కారం 20 గ్రాములు, ఆవపిండి 25, ఉప్పు 12, నూనె 60. ఇందులో ఉప్పు నూటికి 3 పాళ్లకి కాస్త పైన, జాడీ ఆవకాయలో పావు వంతు. ఇది ఫ్రిజ్‌లోనే ఉండాలి, వారంలో అయిపోవాలి. చిన్న చెంచాకి మించి వద్దు. ఇది పెట్టే పని మీరు తీసుకోండి, మీకంటూ వంటింట్లో ఒక పచ్చడి ఉంటుంది. సోడియం తక్కువన్న ఉప్పు ప్యాకెట్లు మాత్రం డాక్టర్ని అడగకుండా వాడకండి. వాటిలో పొటాషియం ఉంటుంది, మూత్రపిండాల సమస్య ఉన్నా, కొన్ని రకాల బీపీ మందులు వాడుతున్నా ప్రమాదం.

మీ వారు ఒడ్డున కూర్చుంటానంటే కుదరదు. మావయ్యగారి కంచంలో కోడలు తగ్గిస్తే లోటు చేసినట్టుంటుంది, అత్తయ్యగారు తగ్గిస్తే ఆయన వినరు. కొడుకు చెప్పాల్సిన మాట ఇది. ఈసారి బీపీ చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు మీ వారు తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ తీసుకెళ్లి, ఆవకాయ ఎంత తినొచ్చో వాళ్ల ముందే డాక్టర్ని అడగాలి. బయటి మనిషి చెప్పిన కొలత ఇంట్లో ఎవరి మాటా నెగ్గినట్టు కాకుండా ఉంటుంది. ఇంత చిన్న పని కూడా చేయనంటే, మీరు ఊరుకోకుండా మళ్లీ అడగండి. ఆ బీపీ ఆయన తండ్రిది.

అత్తయ్యగారు మొదటిసారి అడగ్గానే రాకపోవచ్చు. ఇన్ని నెలల ముభావం ఒక్క సాయంత్రంలో కరగదు. బతిమాలుతూ కూర్చోకుండా కాయలు తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "ఇవి ఆవకాయకి పనికొస్తాయా, మాగాయకా?" అని అడగండి. కాయ చేతిలోకి తీసుకుని నొక్కి చూడకుండా ఉండలేరు. జాడీకెత్తాక బేసిన్‌కి అంటుకున్న పిండిలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి, అందరికీ తలో ముద్దా ఆవిడ చేతే పెట్టించండి. ఆ రోజు మావయ్యగారికీ ఒక ముద్ద పెట్టనివ్వండి. ఆ పూటకి ఆయన చారులో ఉప్పు వేయకండి, అంతే.